తాళం ఫొటో

బట్టలు దొంగిలిస్తారన్న అనుమానంతో కుట్టు షెడ్డు వెనక తలుపుకు యజమాని తాళం వేయించాడు. నిప్పంటుకుంటే ఎటు పరుగెత్తాలని కాజాలు కుట్టే అక్క నోరు తెరిచి అడగలేదు. కానీ రోజూ భోజనం గంట కొట్టగానే, కళ్లద్దాలు నుదుటికి నెట్టి, ఫోనులో పేరు చెప్పకుండా నడిపే తన పేజీలో ఆ తాళం ఫొటో పెడుతుంది. లైకు కొట్టినవాళ్లను బియ్యంలో రాళ్లలా ఏరి చూస్తుంది. ఫొటో పెట్టిన నిమిషంలోనే లైకుతో వాలిపోయే ‘శ్రేయోభిలాషి’ అనే ఖాతా మీద ఆమెకు నమ్మకం లేదు.

మొన్న సూపర్‌వైజరు ఆమె మిషను మీదికి వంగాడు. “ఏంటమ్మా, నూట తొంభై రోజులుగా అదే తాళమా? విసుగు రాదూ?”

పేజీ సంగతి ఆమె సొంత చెల్లెలికే చెప్పలేదు. శ్రేయోభిలాషి ఎవరో తెలిసిపోయింది.

“తాళం తీయించండి సార్, ఆ రోజే మానేస్తా,” అంది తలెత్తకుండా.

నిన్న కూడా ఫొటో వచ్చింది. ఏ మధ్యాహ్నమైనా రాకపోతే మరిచిపోయిందిలే అనుకోకండి. ఆమె ఏమైందని గట్టిగా అడగండి.