ఏడో గదిలో తడి నేల

మా చిత్రశాలలో నేల తుడిచే ఆవిడని అందరం తళతళక్క అనేవాళ్లం. ఆవిడ తుడిస్తే నేలలో మన మొహం కనబడేది. నా మొహానికి అదేమంత శుభవార్త కాదనుకోండి. పద్దెనిమిదేళ్లలో ఆవిడ చెయ్యి పడని గది లేదు, ఏడోది తప్ప. దాన్ని తోటిపనావిడకి అంటగట్టి నెట్టుకొచ్చింది. తోటిపనావిడ మానేసింది. "రేపు పదింటికల్లా ఏడో గది తుడిచి ఉండాలి. లేకపోతే మీరూ ఇంటికెళ్లొచ్చు" అని సూపర్‌వైజర్ తేల్చేశాడు.

ఆ గదిలో గుమ్మం పక్క గోడకి ఒకటే బొమ్మ, నిలువెత్తుది. పాడుబడ్డ కోట, కిటికీలో కాకులు, మెట్టు మీద కొవ్వొత్తి, మూల ఏదో నల్లటిది. మధ్యలో మొహం నిండా జుట్టుతో వంగి నిలబడ్డ తెల్లగౌను మనిషి. వెనక ఓరగా తెరిచిన తలుపు.

తెల్లారి తొమ్మిదింటికి అక్క నా దగ్గరికొచ్చింది. చేతిలో నీళ్ల బకెట్.

"మాస్టారూ, కాస్త తోడు రండి. వెనక్కి నడుస్తూ తుడవాలి కదా, దానికి వీపు పెట్టడం నా వల్ల కాదు."

"బొమ్మేగా అక్కా!"

"మీకేం, రోజూ చూసేవారు."

చెప్పుకుంటే సిగ్గుచేటు. అప్పటికి పదకొండేళ్లుగా చూడ్డానికొచ్చిన జనానికి ఆ బొమ్మ గురించి చెబుతున్నాను, నిజమే. వాళ్లవైపు తిరిగి, బొమ్మకి వీపు పెట్టి!

అక్క తుడవడం మొదలెట్టింది. నేను బొమ్మకి కాపలా.

"ఏం చేస్తోంది?"

"నిలబడింది."

"ఇప్పుడో?"

ధైర్యం కోసం నా పాఠం అందుకున్నాను. "కొవ్వొత్తి అంటే కొడిగట్టిన ప్రాణం. కాకులు చావు కబురు. మొహం దాచింది చేసిన పాపానికి. మూలనున్న నల్లటిది చచ్చినవాళ్ల బూడిద పాత్ర..."

బొమ్మ కిందికొచ్చిన అక్క గిరుక్కున తిరిగింది. "బూడిదా నా మొహమా! బకెట్ అది, పిడి కనబడట్లా? ముందు నేలంతా తడి, వెనక పొడి. పాపం, నాలాగే తుడుచుకుంటూ వెనక్కి పోతోంది." నవ్వబోయి ఆగింది. "ఆ తలుపు సందులో ఏంటి?"

నాలుగు తెల్లటి గీతలు. "వెన్నెల" అన్నాను, ఎప్పటిలాగే.

"వెన్నెలకి గోళ్లుంటాయా మాస్టారూ?"

ఇద్దరం తడినేల మీదే అవతలి గోడదాకా పరిగెత్తాం. గదంతా మా అడుగులే. టైము పదికి పావు తక్కువ.

"మళ్లీ తుడవాలి" అంది ఏడుపు గొంతుతో. "పని పోతే నన్నెవరు పెట్టుకుంటారు?"

ఇంక ఆలోచించలేదు. ఆవిడ వీపుకి నా వీపు ఆనించాను. ఆవిడ తుడుస్తూ వెనక్కి, నేను ఆ గోళ్లకేసి చూస్తూ ముందుకి, అడుగులో అడుగు వేస్తూ. సరిగ్గా గుమ్మంలోకొచ్చేసరికి సూపర్‌వైజర్.

"ఈ వయసులో ఇదేం డాన్సండీ?"

అతను తళతళలాడే నేలనీ, మమ్మల్నీ మార్చి మార్చి చూసి వెళ్లిపోయాడు.

అప్పట్నించీ నేను బొమ్మ పక్కన ఓరగా నిలబడే పాఠం చెబుతున్నాను. మెడ పట్టేసిందా అని అడుగుతారు జనం. అక్క మాత్రం పనిలో ఉన్నన్నాళ్లూ రోజూ ఒక్కతే తుడిచేది. బొమ్మ దగ్గరికి రాగానే తల తిప్పి లోగొంతుకతో అనేది:

"వెనక చూసుకో అమ్మాయ్."