కంపెనీ బతుకమ్మ

మా వంటింటి పై అరలో ఒక స్టీలు డబ్బా, మూత సరిగా పట్టని ఫ్లాస్కు, ఒక గోడగడియారం ఉన్నాయి. అన్నింటి మీదా మా కంపెనీ పేరే. దసరా వచ్చినప్పుడల్లా యజమాని మమ్మల్ని మెచ్చుకున్న గుర్తులవి. గడియారానికి సెల్ వేయడం మానేసి చాలా కాలమైంది. మెచ్చుకుంటే ఎవరికి చేదు? కానీ ఆ మెచ్చుకోలు కోసం నిలబడాల్సిన సేపు తలుచుకుంటేనే నాకు కాళ్లు లాగుతాయి.

ఇబ్రహీంపట్నం నుంచి బొంగులూరు వైపు పోయే దారిలో మసాలా పొడులు ప్యాక్ చేసే చిన్న కంపెనీ మాది. ప్యాకింగ్‌లో అందరూ ఆడవాళ్లే. వాళ్ల మీద నేను సూపర్‌వైజర్ని. అంటే పైవాళ్ల మాట కిందికీ, కిందివాళ్ల విసుగు పైకీ మోసే మనిషినన్నమాట. పైకి మోసేటప్పుడు సగం మెట్ల మీదే మింగేస్తాను.

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, మాకు పూర్తి సెలవు ఉండదు. పొద్దున పనిచేసి, అన్నం వేళకు ఇళ్లకు పోతాం. అది మొదటినుంచీ ఉన్న అలవాటు. ఆ ఏడు నాకు ఆ సగం పూట మామూలుకన్నా ఎక్కువ అవసరం. అంతకు ముందటేడు మా అత్తమ్మ పోయింది. చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా పండుగ చేయరు కనుక మా వాకిట్లో బతుకమ్మ లేదు. వీధిలో ఆడపిల్లలంతా కొత్త లంగాలు వేసుకుని చెరువుకు పోతుంటే నా బిడ్డ గడప మీద కూర్చుని చూసింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. వచ్చే ఏడాది నేనే దగ్గరుండి తీసుకుపోతానని మాటిచ్చాను.

పండుగ ఇంకా కొన్ని రోజులుందనగా యజమాని సార్ నన్ను పిలిచాడు. సిటీలో ఉంటాడు. మనసు చెడ్డది కాదు.

"మేడమ్, ఈసారి ఒక్క గిఫ్టుతో సరిపెట్టొద్దు. మన స్టాఫ్ ఎంత కష్టపడుతున్నారు! సద్దుల రోజు మధ్యాహ్నం పని ఆపేసి ఇక్కడే బతుకమ్మ ఆడిద్దాం. వాళ్లను గౌరవించినట్టు ఉంటుంది."

"సార్, ఆ రోజు మధ్యాహ్నం ఇండ్లకు పంపిస్తం గదా," అన్నాను.

"పంపిద్దాం. ప్రోగ్రామ్ అవగానే బస్సు. ఎండ ఉండగానే ఇళ్లల్లో ఉంటారు."

ఆ మాట నమ్మి కిందికి మోశాను.

"మా పూలు మాకే సాలుతలేవ్ అక్కా, కంపెనీకి యాడికెల్లి తేవాలె?" అంది సీలింగ్ మిషన్ దగ్గర కూర్చునే ఆమె. నిజమే. తంగేడు పూసే చెలకలన్నీ ప్లాట్ల వెంచర్లయిపోయాయి. గునుగు కావాలంటే ఆటో కట్టుకుని దూరం పోవాలి. అయినా ఆ రోజు ఎవరూ ఖాళీ చేతులతో రాలేదు. ఇంటి బతుకమ్మకు తెచ్చుకున్న పూలల్లోంచే తలా కొన్ని తీసి సంచుల్లో పట్టుకొచ్చారు. నేనూ తెచ్చాను. పొద్దున్నే నా బిడ్డా నేనూ కలిసి పేర్చిన బతుకమ్మలో పై వరస అందుకే పలచబడింది. దాన్ని దేవుని ముందు పెట్టి బయలుదేరుతుంటే బిడ్డ తలుపు దాకా వచ్చింది.

"నువ్ వచ్చినంకనే పోదం అమ్మా. నేను బతుకమ్మ కాడనే కూసుంట," అంది.

అన్నాలయ్యాక అట్టపెట్టెలు పక్కకు జరిపి కంపెనీ బతుకమ్మను పేర్చాం. చేతులెక్కువ, పూలెక్కువ, నడుమెత్తు లేచింది. పైన పసుపు గౌరమ్మను పెట్టాం. సార్ మాత్రం రాలేదు. రింగురోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానని ఫోన్. వచ్చేసరికి ఎండ వాలిపోయింది. వచ్చాక మాట్లాడాడు. మీరు ఉద్యోగులు కాదు, నా కుటుంబం అన్నాడు. చప్పట్లు కొట్టాం. తర్వాత ఆడాం. వీడియో తీసే అతనికి ఒకవైపు వెలుతురు చాలలేదట, మళ్లీ ఆడాం. కొంచెం నవ్వుతూ ఆడమన్నాడు, ఇంకోసారి ఆడాం.

"మిషన్ కాడ గింత అలుపు రాదు గదనే," అని నా వెనక ఎవరో గొణిగారు. నేను ముందు వరసలో ఉన్నాను. సూపర్‌వైజర్ని కదా, నవ్వాను.

స్వీటు డబ్బాలు పంచారు. బస్సు గేటు దగ్గరకు వచ్చింది. తీరా చూస్తే ఒక్కరూ ఎక్కలేదు. ఎందుకంటే, బతుకమ్మను తీసుకెళ్లి ఆఫీసు గదిలో పెట్టమని సార్ అంతకు కాసేపటి ముందే చెప్పాడు. దసరా నాడు ఆయుధ పూజకు వచ్చే పార్టనర్లు చూస్తారట.

"ఏమైంది మేడమ్? గిఫ్టు నచ్చలేదా?" అని సార్ నన్ను అడిగాడు.

"అది కాదు సార్. బతుకమ్మను ఇయ్యాల్నే నీళ్లల్ల ఇడవాలె. ఉంచుకోరు."

"వాడిపోదు మేడమ్. ఏసీ వేసి ఉంచుతాం."

వాడిపోవడం గురించి కాదని విడమరచి చెప్పే ఓపిక నాకు లేదు. సీలింగ్ మిషన్ ఆమె ముందుకొచ్చింది. "ఆడిబిడ్డసొంటి గౌరమ్మను పిలిచి ఆడిచ్చి, సాగనంపకుంట తాళమేస్తరా సార్? మేమైతే కదలం," అంది.

గౌరమ్మ మీద ఒట్టు, ఆ నిమిషంలో నాకు బతుకమ్మ ఎక్కడున్నా ఒకటే. బస్సు కదిలితే చాలు. నా బిడ్డ కూర్చుని ఉంటుంది. కానీ వాళ్లను వదిలి నేనొక్కదాన్నే ఎట్లా ఎక్కుతాను?

సార్ అందరి ముఖాలూ చూసి నవ్వేశాడు. "సరే, చెరువు దగ్గర కూడా వీడియో తీయించండి. ఇంకా బాగుంటుంది," అన్నాడు. నలుగురం పట్టి బతుకమ్మను బస్సెక్కించాం.

మా ఇంటి దగ్గరి చెరువు కట్ట చేరేసరికి మసకపడుతోంది. చిన్నపిల్లలున్నారని మా వీధివాళ్లు వెలుతురుండగానే పోయి వచ్చేస్తారు. అప్పటికే ఖాళీ పళ్లేలతో ఎదురొస్తున్నారు. వాళ్ల నడుమ నా బిడ్డ. ఒక చెయ్యి పక్కింటామె పట్టుకుంది, రెండో చేతిలో మా ఇత్తడి పళ్లెం. లంగా అంచు తడిసి ఉంది.

"మస్తు సేపు సూసినం నీ కోసం. ఇగ చీకటైతదని నేనే తోల్కొచ్చిన," అంది పక్కింటామె.

బిడ్డ మా చేతుల్లో ఉన్న బతుకమ్మను చూసింది.

"గిది ఎవరిది అమ్మా?"

"కంపెనీది."

"మనదానికంటె మస్తు పెద్దగున్నది," అంది.

నా ఫోన్ తన చేతికిచ్చాను. నీళ్లల్లోకి దిగి, అందరితో పాటు దాన్ని వదిలి వచ్చాను. ఈలోపు కంపెనీ గ్రూపులో ఆట వీడియో పడింది. ఒడ్డున నా ఫోన్ పట్టుకున్న బిడ్డ దాన్ని చివరిదాకా చూసింది. అందులో ముందు వరసలో నేను, నవ్వుతూ.

"మంచిగ ఆడినవ్ అమ్మా," అని ఫోన్ నా చేతికిచ్చింది.

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అంది. కోపంగా అని ఉంటే దగ్గరికి తీసుకుని బతిమాలుకునేదాన్ని.

"ఆ పళ్లెం ఇటియ్యి బిడ్డా, నేను పట్టుకుంట," అన్నాను.

ఇవ్వలేదు. ఇంటి దాకా తనే మోసింది.