నాన్న మోకాలి మీద తెల్ల నక్షత్రాలు

తడిపిన నూలుగుడ్డ మీద వేడి ఇస్త్రీపెట్టె ఆనించినప్పుడు లేచే కమ్మని ఆవిరి వాసన నన్ను ఈనాటికీ బహ్రెయిన్‌కు, రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన ఆ తొలి ఏళ్ల శుక్రవారాలకు లాక్కుపోతుంది. శుక్రవారం మాకు సెలవు, మా తెలుగు సంఘానికి ఆరాధన. ప్రార్థన ముగిసి, కోడిపలావు తిని, పెద్దవాళ్లు గోడలకు చేరబడి కునుకు తీస్తుంటే పిల్లలమంతా చాప మీద రత్నం పిన్ని చుట్టూ మూగేవాళ్లం.

పిన్ని ఒక జపాన్ కుటుంబం ఇంట్లో పని చేసేది. ఆ ఇంటి మేడమ్ దగ్గర నేర్చుకున్న సషికో కుట్టును మాకు నేర్పేది. నీలిగుడ్డ మీద తెల్లదారంతో బియ్యపుగింజల్లాంటి కుట్లు, వాటితో అలలు, ఆకులు, నక్షత్రాలు. కుట్టు పూర్తయ్యాక పిన్ని దాన్ని తడిపి ఇస్త్రీ చేసేది. చలిప్రాంతాల రైతులు పాతబట్టలను పొరలుగా చేర్చి ఇలా కుట్టుకునేవారని తరువాత గ్రంథాలయంలో వెతికి వెతికి చదువుకున్నాను. అప్పుడు మాత్రం నాకది గుడ్డ మీద వేసే ముగ్గు, అంతే.

ఒక డిసెంబరులో, వాన వెలిసి ఉమ్మ్ అల్ హస్సామ్ వీధులు చల్లబడి, మా మేడమెట్ల నిండా క్రిస్మస్ కజ్జికాయలు వేగే వాసన పరుచుకున్న రోజుల్లో, సల్మాబాద్ గ్యారేజీలో మెకానిక్‌గా చేసే నాన్న నీలం డ్యూటీ ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. చిరుగు కింద గుడ్డముక్క పెట్టి, తెల్లదారంతో నక్షత్రాలు నేను కుడతానన్నాను.

"నీలం దారమెట్టి కనబడకుండా కుట్టాలిగానీ తెల్లదారమేంటే? అతుకుల ప్యాంటేసుకొచ్చాడని బస్సంతా నవ్వదూ?" అంది అమ్మ.

"నవ్వనీవే. నా కూతురు కుడితే ఏసుకునే ఎళ్తాను," అన్నాడు నాన్న.

అతుకు నిలవకపోతే ప్యాంటు చెత్తబుట్టలోకేనని అమ్మ తేల్చేసింది.

మాది నర్సాపురం వైపు. లేసు అల్లే ఇళ్ల పిల్లలం కాబట్టి వేలు కోసుకుపోయేలా దారం బిగించడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. నక్షత్రాలూ అలాగే బిగించి కుట్టాను. మర్నాడు నాన్న టైరు విప్పడానికి గొంతుక్కూర్చోగానే కుట్లన్నీ పటపటా తెగిపోయాయట.

"మోకాలికి గాలాడాలంటందే అమ్మడూ!" అని నవ్వుతూ వచ్చాడు. అమ్మ చెత్తబుట్ట వైపు చూసింది. శుక్రవారం దాకా ఆగమని బతిమాలాను.

పిన్ని ఆ ప్యాంటు చూసి పడీపడీ నవ్వింది. "ఇది లేసనుకున్నావేంటే పిచ్చిమొకమా! నేనూ మొదట్లో ఇలాగే లాగి మేడమ్ కాడ చీవాట్లు తిన్నాను. మలుపుకాడ దారం కాస్త ఒదులుగా ఒదిలెయ్. కుట్టినాక బొటనేలితో ఇలా సాగదియ్యి."

దారం వదులుగా వదలడానికి నా వేళ్లు ఎంత మొరాయించాయో! తెగిన పోగులన్నీ లాగేసి, మళ్లీ కుట్టాను.

శనివారం సాయంత్రం కంపెనీ బస్సు కోసం కిటికీకి వేలాడాను. నాన్న దిగాడు. నన్ను చూసి, రోడ్డు పక్కనే గుంజీలు తీయడం మొదలుపెట్టాడు. బస్సులోవాళ్ల ఈలలు, చప్పట్లు, డ్రైవరు హారన్ కొడుతూ "యల్లా భాయ్, ఔర్ ఏక్!" అని, ఇంకొకటి తీయమంటూ అరిచాడు. ఒక్క కుట్టూ తెగలేదు. "పరువు తీసేత్తన్నారు కదండీ," అంటూనే అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. మర్నాడు తన చిరిగిన నైటీ తెచ్చి నా ఒళ్లో పడేసింది.

ఆ మేడ ఇప్పుడు లేదు. రత్నం పిన్ని ఊరికి వెళ్లిపోయింది. చాప మీది పిల్లలం తలో దేశం పట్టాం. జపాన్ వాళ్లు ప్రదర్శనశాలల్లో దాచుకున్న పాత సషికో కోట్ల బొమ్మలు పుస్తకాల్లో కనబడితే పేజీ తిప్పబుద్ధి కాదు. నేను కుట్టింది చూపించమంటే మాత్రం నా దగ్గర ఒక పోగైనా లేదు. చుట్టూ ఉన్న గుడ్డ పలచబడి రాలిపోయేదాకా, నాన్న ఆ ప్యాంటును తొడిగి తొడిగి అరగదీసేశాడు.