చుట్టపుచూపుగా వచ్చిన ఎనిడ్

భర్త పోయాక హిల్డా ఒంటరిగా ఉంటోంది. ఇంట్లో ఒక్కరే కాబట్టి, ఊరి కౌన్సిల్‌కు కట్టే ఇంటిపన్నులో పావు వంతు తగ్గించారు. కాల్డర్ నది పొంగి స్నేహితురాలు ఎనిడ్ ఇల్లు మునిగితే, అది బాగయ్యేదాకా ఉండమని హిల్డా ఆమెను తెచ్చుకుంది.

వారం తిరక్కుండానే ఎనిడ్ పెట్టె సర్దింది. "నేనుంటే నీ తగ్గింపు పోతుందటే. వెళ్లిపోతా."

"కూర్చోవే, పెద్ద బయల్దేరింది!" అంటూ హిల్డా కౌన్సిల్‌కు ఫోన్ చేసింది.

"ఆవిడ అసలు ఇల్లు ఆ మునిగిందేగా, అది బాగవగానే వెళ్లిపోతారుగా? అయితే చుట్టపుచూపుగా వచ్చినట్టే లెక్క. మీ తగ్గింపు ఎక్కడికీ పోదండీ," అంది అవతలి అమ్మాయి.

హిల్డా ఆ పిల్లకు పదేపదే థాంక్స్ చెప్పింది. సాయంత్రం ఎనిడ్ టీ పెడుతూ వానను తిట్టిపోస్తుంటే, ఇంట్లో మళ్లీ ఓ మనిషి గొంతు వినిపిస్తున్నందుకు హిల్డా కళ్లు చెమర్చాయి.