బేస్ బాక్సు మీద డిస్కులు

చీపురుపల్లిలో గంగరాజు పెళ్ళి వీడియోల దుకాణం ఎవరినడిగినా చెబుతారు. అక్కడ ఎడిటింగ్ చేసే దుర్గాభవాని ఆయన అన్న కూతురు. ఆ పిల్లకు "ఎందుకు?" అని అడగనిదే అన్నం సయించదు. ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళన్నీ దాచడానికి పాత హార్డ్ డిస్కులు కొన్ని ఒక్కటిగా కలిపి, వాటిని నడిపే లైనక్స్ సాఫ్ట్‌వేర్ వేసి, ఓ పెట్టె తయారుచేసింది. అంతవరకూ బాగానే ఉంది. దానిలోంచి వీడియో వేస్తే మాత్రం పెళ్ళికొడుకు తాళి పట్టుకుని బిగుసుకుపోయేవాడు. చూడ్డానికొచ్చిన ఇద్దరు ముగ్గురు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయారు.

"కొండబాబు గారోలు కూతురి పెళ్ళి సూసుకోడానికి ఆమదాలవలసలో రైలెక్కినారు. ఈయాల గానీ ఆగిందా, నీ పెట్టెని పాతసామాన్లోడికి ఇచ్చెస్తాను, ఆణ్ణి రమ్మన్నాను కూడా. ఆల్బముల్లో ఫొటోలు అంటించుకుందువు గాని" అన్నాడు గంగరాజు.

భవాని పెట్టె ముందు కూర్చుంది. అంత కష్టపడి కట్టుకున్నది తూకానికి పోతుందా?

డిస్కులు అడిగిన ముక్క అడిగినట్టే తెచ్చిస్తున్నాయి, ఒక్కో మిరపకాయకూ సంతకు పోయి వచ్చినట్టు. అడగకముందే తర్వాతి భాగం కూడా చదివి ఉంచుకునేలా లైనక్స్‌లో రీడ్ అహెడ్ పెంచింది. కొలిస్తే వేగం రెట్టింపయింది. సంబరపడి వీడియో వేసింది. డప్పులు మొదలవగానే పెళ్ళికొడుకు మళ్ళీ బిగుసుకున్నాడు.

ఇంకొకరైతే తల పట్టుకునేవారు. భవాని కుర్చీ ముందుకు లాక్కుంది. మంత్రాల దగ్గర ఆగనిది డప్పుల దగ్గరే ఎందుకాగుతోంది? శబ్దం తీసేసి అదే ముక్క వేస్తే చక్కగా సాగింది. శబ్దం పెంచితే ఆగింది. పెట్టె మీద చెయ్యి వేసింది. అరచెయ్యి అదిరిపోయింది.

పెట్టె ఉన్నది జాతరలకు అద్దెకిచ్చే పెద్ద స్పీకరు, బేస్ బాక్సు మీద. అన్నం పెట్టే యంత్రం కాళ్ళు తగిలే చోట ఉండకూడదని గంగరాజే బొట్టు పెట్టి మరీ అక్కడికెక్కించాడు. వీడియో మోతంతా వచ్చేది ఆ బాక్సులోంచే. కింద అదురుతుంటే డిస్కులో చదివే ముల్లు దారి తప్పి, మళ్ళీ వెతుక్కుంటోంది.

"సిన్నాన్నా, దీన్ని నేల మీదకి దించుదాం."

"లచ్చిమిని కాళ్ళకాడ పెడతావేటే?"

"లచ్చిమి కింద డప్పు కొడతన్నాం గదా! ఆ తల్లి ఏటి సదువుతాది?"

అప్పుడే బయట కొండబాబు ఆటో ఆగింది. భవాని పెట్టె ఆపి వైర్లు పీకింది. గంగరాజు గోడ అలమరలో దేవుడి పటాలు పక్కకు జరిపి, ఆ ఖాళీలో పెట్టెను కూర్చోబెట్టాడు.

కొండబాబు వాళ్ళు వచ్చి కూర్చున్నాక వీడియో వేస్తే డప్పులు మోగాయి. పెళ్ళికొడుకు ఆగకుండా మూడు ముళ్ళూ వేసేశాడు. కొండబాబు తల్లి అసిరమ్మ తెరకే అక్షింతలు వేసినంత పని చేసింది.

వాళ్ళు వెళ్ళగానే గంగరాజు పాతసామాన్లవాడికి ఫోన్ చేసి రావద్దన్నాడు. భవాని పెట్టె వైపు తిరిగింది.

"సిన్నాన్నా, ఒక్కపాలి మళ్ళీ బాక్సు మీద పెట్టి సూద్దామా? ఏ మోతకి ఆగిపోతాదో తెలాలి గదా?"

గంగరాజు ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఉండు, ముందు తలుపెయ్యనీ" అన్నాడు.