ఎరుపు పసుపైన గడి

మొన్న వుడ్‌ల్యాండ్స్ వెళ్లే రైల్లో పక్కన కూర్చున్న గుంటూరు అమ్మాయి, ఇక్కడే యూనివర్సిటీలో చదువుతోందట, నేను రిస్క్ మేనేజ్‌మెంట్‌లో రిటైరయ్యానని తెలిసి, "ఈ లైన్లో పైకి రావాలంటే ఏం చెయ్యాలి అంకుల్?" అని అడిగింది. ఏవో నాలుగు ముక్కలు చెప్పాను గానీ, అసలు సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మన తెలుగువాళ్లలో చాలామందిమి, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వై టూ కే గోల రోజుల్లో ఈ దేశానికి వచ్చి పడ్డవాళ్లమే కదా. నన్ను రప్పించింది మా బావ, అంటే మా పెద్దక్క భర్త. జురాంగ్ వెస్ట్‌లో తన ఫ్లాట్‌లోనే ఒక గది ఇచ్చి, రాఫెల్స్ ప్లేస్‌లో తాను కంప్యూటర్లు చూసే బ్యాంకులోనే నన్నూ చేర్పించాడు. ఎక్కడ ఏ ప్రమాదం పొంచి ఉందో అందర్నీ అడిగి, పట్టికలో రాసి, తీవ్రతను బట్టి ఆ గడికి ఎరుపో పసుపో ఆకుపచ్చో రంగు వెయ్యడం నా పని. సమాచారానికి రోజూ నకళ్లు, అదే బ్యాకప్‌లు, తీస్తున్నామే గానీ అవి తెరుచుకుంటాయో లేదో ఒక్కసారీ చూడలేదని, పైవాళ్లు అందుకు సమయమివ్వడం లేదని బావ చెబితే, ఎరుపే వేశాను. బోర్డు మీటింగుకు ముందురోజు మా మేనేజరు వచ్చి, ఎరుపు కనిపిస్తే లేనిపోని ప్రశ్నలొస్తాయి, పసుపు చెయ్ లా, అన్నాడు ఇక్కడివాళ్ల యాసలో. నా ప్రమోషన్ కాగితం ఆయన బల్ల మీదే ఉంది. మీటింగుకు ముందు ఎరుపులు పసుపులవడం మా ఆఫీసులో మామూలే, నేనూ మార్చేశాను.

రెండు నెలలకు ఒక సోమవారం పొద్దున యంత్రాలు ఆగిపోయాయి, నకళ్లు తెరుచుకోలేదు. విచారణలో పట్టిక తీస్తే పసుపు కనిపించింది. ప్రమాదం తెలిసీ గట్టిగా చెప్పలేదని బావను తీసేశారు, దాంతోపాటే వీసా పోయింది. ఆ సంగతి ముందే నాకు చెప్పినట్టు బయటపెడితే నా ఉద్యోగానికీ ముప్పని ఆయన నోరు విప్పలేదు. విప్పాల్సిన నేనూ విప్పలేదు. సిగ్గులేని బతుకు, ఇంకేమనను.

ఎయిర్‌పోర్టులో అక్క పిల్లల్ని సర్దుకుంటుంటే బావ నన్ను పక్కకు పిలిచాడు.

"నువ్వు ఎరుపే వేశావు కదరా?"

"వేశాను బావా."

అబద్ధం కాదు మరి. ఆ మేనేజరే మార్చి ఉంటాడనుకుని, నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

ప్రమోషన్ వచ్చింది, ఆ తర్వాత ఇంకెన్నో వచ్చాయి. బావ పోయి నాలుగేళ్లయింది, అక్కకు ఇప్పటికీ నేను మంచి తమ్ముణ్ణే. ఇప్పుడు గడిలో రంగు మారిస్తే ఎవరు మార్చారో పేరుతో సహా కంప్యూటరే రాసి పెట్టుకుంటుంది. మా రోజుల్లో అది లేదు. అందుకే నేను పైకి వచ్చానమ్మా అని ఆ పిల్లకు చెప్పాల్సింది.