కంప్యూటర్‌లో ఎర్రబడిన నా చెలక

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా బిడ్డ రాస్తోంది. బూతులు మాత్రం తీసేస్తానంది. తీస్తే తీయనీ. మా మరిది బుద్ధి తిట్లు లేకపోయినా తెలుస్తుంది.

రాయికల్ దగ్గర మా ఊరి గుట్ట కింద నాకో మెట్ట చెలక ఉంది. మా ఆయన పోయాక నాకు మిగిలిన భూమి అదొక్కటే. దున్నడానికి లేదు, అంతా రాళ్ళు. రేగు, మోదుగ, తునికి పొదలు అల్లుకుపోయి ఉంటాయి. నా మేకలు అక్కడే మేస్తాయి. బీడీలు చేసి చేసి పట్టుకుపోయిన నడుమును నేనూ అక్కడే కాసేపు వాలుస్తాను. పక్కనే మా మరిది మామిడి తోట. కోరుట్లలో ఎరువుల దుకాణం, ఊళ్ళో తోట, అయినా కన్నంతా నా పొదల మీదే. "గా పిచ్చిచెట్లు పీకేస్తే ఇంకిన్ని మామిడి మొక్కలు వడ్తయి వదినె" అని సొంత అన్న దినాల నాడే అన్నాడు. విస్తరి ముందు కూర్చుని అన్నాడు.

నిరుడు ఎండాకాలం జగిత్యాల కాలేజీ నుంచి పెద్ద చదువు చదివే పిల్ల ఒకతి వచ్చింది. కుందేళ్ళు, నెమళ్ళు ఎక్కడ బతుకుతున్నాయో, ఆ జాగాలు తరిగిపోతే అవేమవుతాయో చూస్తుందట. అందరినీ పంచాయతీ ఆఫీసుకు పిలిచి, కంప్యూటర్‌లోని మా ఊరి బొమ్మను ఒక డబ్బాతో గోడ మీద వేసి చూపించింది. ఊరంతా గళ్ళు గళ్ళు. మా ఆయన సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేటప్పుడు తెచ్చిన గళ్ళ తువ్వాలలాగే ఉంది. చెట్టూ పొదా ఉన్న గడి పచ్చన, లేనిది బూడిద రంగు. "ఇప్పుడు కొన్ని జాగల్ల చెట్లు పోయినయనుకుందం" అని ఆ పిల్ల ఒక బటన్ నొక్కింది. పచ్చ గళ్ళు కొన్ని టపటపా ఎర్రబడ్డాయి. గుట్ట కింది పచ్చటి ముక్క నడుమ తెగి రెండయింది. తెగింది నా చెలక దగ్గరే.

అనుకుందాం అన్న మాట ఎవరి చెవికెక్కింది? భూముల లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు, తాతల నాటి నుంచి దున్నుకుంటున్న మడి ఇంకొకరి పేరున తేలినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరగ్గొట్టుకున్నారు. కంప్యూటర్‌లో పోయిందంటే నేల మీదా పోయినట్టేనని మాకు అప్పుడే తెలిసింది. అందుకే గడి ఎర్రబడగానే ఊరంతా చావు కబురు విన్నట్టు నా వైపు తిరిగింది. అయ్యో అన్నవాళ్ళ నోళ్ళు అయ్యో అన్నాయి గానీ, కళ్ళు తమ గడి పచ్చగా ఉందని మురిసిపోతున్నాయి. ఆ పిల్లకు ఇదేమీ పట్టలేదు. నెమళ్ళ గురించి చెప్పి, డబ్బా సర్దుకుని, నవ్వుతూ దండం పెట్టి పోయింది.

తెల్లారేసరికి మరిది నా గడపలో ఉన్నాడు.

"సూసినవా వదినె? నీ చెలక ఎర్రల వడ్డది. ఇగ అది పోయినట్టే."

"ఎవనికి పోతది?"

"గది నాకేం తెల్సు? గందుకే జెప్తున్న, జల్ది నా పేరు మీదికి మార్పియ్యి. నాదంటే ఎవడు ముట్టడు. నీ మేకలు మేస్తే నేనేమన్న వద్దంటనా?"

"నీ అన్న ఉన్నప్పుడే నా మేక నీ కంచెల మూతి వెడ్తే కాలిరగ్గొట్టినవ్. గా మేకనడిగి జెప్త తియ్."

అన్నానే గానీ, బీడీలు చేద్దామని కూర్చున్నా ధ్యాసంతా చెలక మీదే. నిజంగానే పోతే? పొదలు పోతే మేకలు పోతాయి. మేకలు పోతే నేను పోయి వాడి వాకిట్లో నిలబడాలి. వాడికి కావలసిందీ అదే.

జగిత్యాల బస్సెక్కాను. కాలేజీలో అడిగి అడిగి ఆ పిల్లను పట్టుకున్నాను.

"బిడ్డా, నా చెలకను మల్ల పచ్చగ జెయ్యి. చేసేదాక నేను కదల."

బిత్తరపోయింది. "అయ్యో, అది నిజం కాదు పెద్దమ్మా. మీ భూమిని ఎవరేం జేస్తలేరు. ఉత్తగ అనుకొని సూసుడే."

"ఉత్తగ అనుకునేతందుకు నా చెలకనే దొరికిందా?"

"నేను ఏరలేదు. కంప్యూటరే ఏదో ఒక గడి పట్టుకుంటది, పచ్చీసు ఆటల గవ్వలేసినట్టు. సూడుండ్రి."

నొక్కింది. నా చెలక పచ్చగా ఉంది, చెరువు పక్క తుమ్మలు ఎర్రబడ్డాయి. మళ్ళీ నొక్కింది. ఇంకెక్కడో ఎర్రబడింది. ఇలా తీరుతీరుగా పోగొట్టి చూస్తేనే, ఎక్కడ తెగితే కుందేళ్ళకు తోవ ఆగుతుందో తెలుస్తుందట. నా కడుపు మండింది. ఊళ్ళోనే రెండోసారి ఆ బటన్ నొక్కి ఉంటే ఏం అరిగిపోయేది? కుందేలు తోవకు అంత బెంగపడే పిల్లకు, ఎదురుగా కూర్చున్న ముండమోపి ముఖం కనబడలేదు. పెద్ద చదువట!

"ఇంకోసారి ఒత్తు" అన్నాను. ఒత్తింది. ఈసారి నా చెలక పక్కన పెద్ద ముక్క ఎర్రబడింది. వేలు పెట్టి ఇదేందని అడిగాను.

"మామిడి తోట పెద్దమ్మా."

ఆ పిల్ల మీద కోపం సగం అక్కడే దిగింది. ఆ బొమ్మను నా ఫోన్‌లో ఫోటో తీయించుకున్నాను.

ఇంటికి పోలేదు. కోరుట్ల బస్సెక్కాను. మరిది దుకాణం ముందు నలుగురిని కూర్చోబెట్టుకుని ముచ్చట్లు పెడుతున్నాడు.

"రా వదినె. మార్పిద్దమనే వచ్చినవా?"

"గందుకే వచ్చిన. నీ తోట నా పేరు మీదికి మార్పియ్యి. నాదంటే ఎవడు ముట్టడు. ఇగో, ఎర్రగైంది."

ఫోన్ లాక్కుని చూశాడు. మనిషి ముఖం మాడిన రొట్టె అయింది. "గిదెట్లైతది? మొన్న పచ్చగనే ఉండె గదా!"

"మొన్న నాది వాయె, ఇయ్యాల నీదివాయె. ఫికర్ జెయ్యకు. నీ మామిడికాయలు నువ్వు తెంపుకుంటే నేనేమన్న వద్దంటనా?"

కూర్చున్నవాళ్ళలో ఒకాయన కిసుక్కుమన్నాడు. మరిది బండి తీసి జగిత్యాల దారి పట్టాడు. ఎరువులు కొనడానికి వచ్చిన మనిషి గల్లా ముందు నిలబడే ఉన్నాడు.

నేను ఆపలేదు. అది ఉత్త ఆట అని ఆ పిల్లే చెబుతుంది. ఆటేనని నమ్మితే నా చెలకా పోలేదని ఒప్పుకోవాలి. నమ్మకపోతే వాడి తోటా పోయినట్టే. ఎటు తిరిగినా నా పొదల జోలికి రాలేడు.

వాడు చెప్పిన చాయ్ అప్పుడే వచ్చింది. వాడి కుర్చీలోనే కూర్చుని తాగాను. ఒట్టి చక్కెర నీళ్ళు. చాయ్ ఎట్లా చేయించుకోవాలో కూడా తెలియదు వాడికి.